శాంక్షన్: మంజూరా, ఆంక్షా?

గ్రూప్స్ అభ్యర్థి:
ఈ రెండు శీర్షికలు చూడండి. ‘సెంటర్ శాంక్షన్స్ న్యూ బ్రిడ్జ్’, ‘యూఎస్ శాంక్షన్స్ షిప్పింగ్ ఫర్మ్’. మొదటిదాంట్లో కేంద్రం వంతెన మంజూరు చేసింది. రెండోదాంట్లో అమెరికా ఒక ఓడల కంపెనీ మీద ఆంక్షలు పెట్టింది. క్రియ అదే, వాక్యం కట్టూ అదే, అర్థాలు మాత్రం ఎదురెదురు. చదవగానే తేల్చుకునే గుర్తు ఏదైనా ఉందా? సోషియాలజీలో ‘పాజిటివ్ శాంక్షన్’ అని ఇంకోటి వస్తోంది, అదేమిటో కూడా చెప్పండి.

ఇంగ్లిషు బోధకుడు:
క్రియగా వస్తే కర్మను పట్టుకోండి. అప్పు, సెలవు, పోస్టు, పెన్షన్, వంతెన, నిధులు అయితే మంజూరు. దేశం, బ్యాంకు, ఓడ, మంత్రి, కంపెనీ అయితే ఆంక్ష. మనిషికి పెన్షన్ మంజూరు చేస్తారు గానీ మనిషినే మంజూరు చేయరు కదా. అందుకే కర్మ స్థానంలో మనిషో సంస్థో కనిపిస్తే దాదాపు ఎప్పుడూ శిక్షే.

నామవాచకమైతే వచనం చూడండి. ఏకవచనంలో ‘విత్ ది శాంక్షన్ ఆఫ్ ది బోర్డ్’ అంటే బోర్డు ఆమోదంతో. బహువచనంలో ఉండి పక్కన ‘ఆన్’ గానీ ‘అగెనెస్ట్’ గానీ ఉంటే ఆంక్షలే. తోడు వచ్చే క్రియలు కూడా విడివిడిగా ఉంటాయి. అనుమతికి గ్రాంట్, అకార్డ్, అబ్‌టెయిన్, విత్‌హోల్డ్. ఆంక్షలకు ఇంపోజ్, టైటెన్, ఈజ్, లిఫ్ట్. అంటే విధించడం, బిగించడం, సడలించడం, ఎత్తేయడం. ఈ జంటలతో కలిపి నేర్చుకోండి, ఒంటి మాటగా బట్టీ పడితే పరీక్షలో తడబడతారు.

‘ఫర్’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘శాంక్షన్ ఫర్ ప్రాసిక్యూషన్’ అంటే కేసు నడపడానికి అనుమతి. ‘శాంక్షన్స్ ఫర్ డోపింగ్’ శిక్ష. ‘ఫర్’ తర్వాత ఉన్నది ఇకపై చేయబోయే పనా, ఇప్పటికే చేసిన తప్పా అని చూస్తే తేలిపోతుంది.

విశేషణంగానూ రెండు దారులే. ‘శాంక్షన్డ్ స్ట్రెంగ్త్’ అంటే మంజూరైన పోస్టుల సంఖ్య. 2019 సవరణతో సుప్రీంకోర్టుకు అది ప్రధాన న్యాయమూర్తితో కలిపి 34 అయింది. ఎంతమంది పనిలో ఉన్నారన్నది వేరే లెక్క, దాన్ని ‘వర్కింగ్ స్ట్రెంగ్త్’ అంటారు. ‘శాంక్షన్డ్ వెసెల్’ మాత్రం ఆంక్షల జాబితాకెక్కిన ఓడ.

చట్టాల అనువాదకురాలు:
పై గుర్తులు సరైనవే. ఒక్క మాటకు రెండు ముఖాలు ఎందుకొచ్చాయో తెలిస్తే ఇంకా బాగా నిలుస్తుంది. మూలం లాటిన్‌లో ‘పవిత్రం చేయు, ఉల్లంఘించరానిదిగా శాసించు’ అనే ధాతువు. సెయింట్, శాంక్చువరీ అక్కడివే. రోమన్ శాసనంలో ‘శాంక్షియో’ అని ఒక భాగం ఉండేది. శాసనాన్ని మీరితే ఏమవుతుందో చెప్పే భాగం అది. శాసనానికి బలమిచ్చేదీ అదే, శిక్ష చెప్పేదీ అదే. బలమివ్వడం అనే కొస నుంచి ఆమోదం వచ్చింది, రెండో కొస నుంచి దండన వచ్చింది. చరిత్రలో చదివే 1713 నాటి ‘ప్రాగ్మాటిక్ శాంక్షన్’ ఈ రెండూ కాదు, పవిత్ర రోమన్ చక్రవర్తి ఆరో చార్లెస్ తన వారసత్వంపై చేసిన శాసనం.

దేశాల మీద ఆంక్షలన్న అర్థం నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) కాలంలో స్థిరపడింది. అబిసీనియా (నేటి ఇథియోపియా)పై దాడి చేసినందుకు 1935లో ఇటలీపై పెట్టినవి పేరుపడ్డవి. 1998 మే పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా మన మీద పెట్టినవీ ఈ కోవలోవే. ఐక్యరాజ్యసమితి ఛార్టర్ 41వ అధికరణం ఈ చర్యల గురించే అయినా అందులో ‘శాంక్షన్స్’ అన్న మాటే లేదు!

ప్రాసిక్యూషన్ సంగతి: పాత నేర ప్రక్రియా స్మృతిలో 197వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 218. విధి నిర్వహణలో చేసిన పనికి ప్రభుత్వోద్యోగిపై కేసును కోర్టు విచారణకు స్వీకరించాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. కొత్త సెక్షన్ ప్రకారం 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. దీన్ని ‘ప్రాసిక్యూషన్ మంజూరు’ అని రాయకండి, చదివేవారికి ఏమీ తెలియదు. ‘ప్రాసిక్యూషన్‌కు అనుమతి’ అంటే చాలు.

పనుల విభాగం ఇంజినీరు:
మా శాఖలో ఈ మాట రెండు మెట్లలో వస్తుంది. మొదట ‘అడ్మినిస్ట్రేటివ్ శాంక్షన్’, తెలుగు పత్రికల్లో పరిపాలనా అనుమతి. ఈ పని చేపట్టవచ్చు, ఇంత ఖర్చు పెట్టవచ్చు అని ప్రభుత్వం ఒప్పుకోవడం. తర్వాత ‘టెక్నికల్ శాంక్షన్’, సాంకేతిక అనుమతి. వివరమైన అంచనా, డిజైను, రేట్లు సరిగ్గా ఉన్నాయని అధికారం ఉన్న ఇంజినీరు ఒప్పుకోవడం. ఆ తర్వాతే టెండరు. జీవోల్లో ‘శాంక్షన్ ఈజ్ హియర్‌బై అకార్డెడ్’ అని ఉన్నంత మాత్రాన డబ్బు వచ్చేసినట్టు కాదు, విడుదల ఉత్తర్వు వేరే ఉంటుంది. ‘రోడ్డు శాంక్షనైంది కదా, పని ఏది’ అని ఊళ్లో జనం నిలదీసేది ఈ తేడా తెలియకే. బ్యాంకులోనూ అంతే. ఇంటి అప్పుకు శాంక్షన్ లెటర్ ఇచ్చాక పత్రాల పరిశీలన అయితే గానీ డబ్బు ఇవ్వరు, కట్టుబడిలో ఉన్న ఇల్లయితే దశలవారీగా ఇస్తారు.

ఇంగ్లిషు బోధకుడు:
సోషియాలజీ ప్రశ్న మిగిలిపోయింది. అక్కడ శాంక్షన్ అంటే సమాజం కట్టుబాటు నిలబెట్టుకోవడానికి వాడే బహుమానం గానీ దండన గానీ. మెచ్చుకోలు, పతకం ‘పాజిటివ్’. జరిమానా, మన ఊళ్లలో వెలివేయడం ‘నెగెటివ్’. జరిమానా చట్టం విధిస్తే ‘ఫార్మల్’, పదిమందీ ముఖం చాటేస్తే ‘ఇన్‌ఫార్మల్’. ఇక్కడ మంజూరు, ఆంక్ష రెండూ అతకవు. జవాబు తెలుగులో రాసేవాళ్లు ‘ప్రోత్సాహం’, ‘దండన’ అని విడదీసి రాయడం మేలు.

చట్టాల అనువాదకురాలు:
విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక సంగతి. అమెరికాలో డాక్టర్లు, నర్సులు నింపే దరఖాస్తుల్లో ‘హావ్ యూ ఎవర్ బీన్ శాంక్షన్డ్ బై ఎ లైసెన్సింగ్ బోర్డ్’ లాంటి ప్రశ్న ఉంటుంది. మన ఆఫీసుల అలవాటులో ‘బోర్డు నాకు లైసెన్సు శాంక్షన్ చేసింది కదా’ అనుకుని ‘యస్’ పెట్టకూడదు. అక్కడ అడిగేది మీపై క్రమశిక్షణ చర్య ఏదైనా ఉందా అని. కర్మ స్థానంలో మనిషి ఉన్నాడు, పైన చెప్పిన మొదటి గుర్తే ఇక్కడా పనిచేస్తుంది. లైసెన్సు వచ్చిందా అని అడగాలంటే వాళ్లు ‘గ్రాంటెడ్’ అనో ‘ఇష్యూడ్’ అనో రాస్తారు.