బీఆర్‌ఎం సైకిల్ సాధన, ఉద్యోగం, పిల్లలు: మీ ఇళ్లలో సమయం ఎలా కుదురుతోంది?

మియాపూర్_సవారీ:
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఈ సీజన్‌లో 200, 300 కిలోమీటర్ల బీఆర్‌ఎంలు, అంటే నిర్ణీత గడువులోగా ముగించవలసిన సుదూర సైకిల్ సవారీలు, పూర్తి చేశాను. సీజన్ ముగిసే అక్టోబరు 31లోగా 400, 600 కూడా ముగిస్తే, ఒకే సీజన్‌లో నాలుగు దూరాలూ పూర్తి చేసినవారికి దక్కే ‘సూపర్ రాండోనర్’ గుర్తింపు నాకూ వస్తుంది. ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకొకసారి జరిగే సుదూర సైకిల్ సవారీ పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు 2027లో వెళ్లాలని బలమైన కోరిక ఉంది. అందుకు ఆ సీజన్‌లో ఈ నాలుగు దూరాలనూ మళ్లీ పూర్తి చేయవలసి ఉంటుంది. నా భార్య కూడా ఉద్యోగం చేస్తుంది. బాబు ఏడో తరగతి చదువుతున్నాడు, పాప ఇంకా బడికి వెళ్లే వయసుకు రాలేదు. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరే సాధన ఇప్పటికే ఇంట్లో భారంగా మారింది. 600కు సిద్ధమవుతూనే ఇంటికి లోటు రాకుండా చూసుకున్నవారు తమ అనుభవాన్ని వివరంగా చెప్పగలరా?

కృష్ణాతీరం:
సాధన గురించి మాట్లాడే ముందు గడువులను గడియారం లెక్కలోకి మార్చి, క్యాలెండరు దగ్గర పెట్టుకొని భార్యాభర్తలిద్దరూ కూర్చోండి. శనివారం ఉదయం ఆరింటికి బయలుదేరారనుకుంటే, 200కు పదమూడున్నర గంటల గడువు కనుక రాత్రి ఏడున్నరకు అయిపోతుంది. 300కు 20 గంటలు, అంటే అర్ధరాత్రి దాటాక రెండు. 400కు 27 గంటలు కనుక ఆదివారం ఉదయం తొమ్మిదవుతుంది, 600కు 40 గంటలు కనుక ఆదివారం రాత్రి పది. ‘ఆరు వందల కిలోమీటర్లు’ అన్నప్పుడు ఇంట్లోవారికి కలగని స్పష్టత, ‘శని, ఆది రెండు రోజులూ నేను ఉండను, సోమవారం సెలవు పెడతాను’ అన్నప్పుడు కలుగుతుంది.

మా ఇంట్లో సీజన్ మొదలయ్యే నవంబరు ఒకటికి ముందే సంక్రాంతి, పిల్లల పరీక్షలు, బంధువుల పెళ్లిళ్లు క్యాలెండరులో గుర్తుపెట్టి, మిగిలిన ఖాళీల్లోనే బీఆర్‌ఎంలు ఎంచుకుంటాను. చల్లని నెలలూ పండుగ నెలలూ ఒకటే కావడంతో మంచి రూట్లు కొన్ని వదులుకోవలసి వస్తుంది, వదులుకున్నాను కూడా.

ఇక సాధన విషయం. కనీస సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లే అయినా తిండి, పంక్చరు, కంట్రోల్ పాయింట్ (దారిలో కార్డుపై ముద్ర వేయించుకునే చోటు) దగ్గర ఆగడం, నిద్ర అన్నీ ఆ గడువులోనే జరగాలి. సైకిల్ మీద ఉన్నంతసేపు గంటకు 20 చొప్పున వెళ్లేవారికి 600 పూర్తికావడానికి 30 గంటలు పడుతుంది, 24 చొప్పున వెళ్లేవారికి 25 గంటలు చాలు. ఆ మిగిలిన ఐదు గంటలే లాడ్జిలో పడుకునే నిద్ర అవుతుంది, సోమవారం మనం ఇంట్లో మనిషిలా ఉండగలమా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకని ప్రతి ఆదివారమూ నూటయాభై కిలోమీటర్లు తొక్కడం కంటే, వారంలో రెండు మూడు ఉదయాలు గంటసేపు గట్టిగా తొక్కి, నెలకొకటి రెండుసార్లు మాత్రమే సుదీర్ఘంగా వెళ్లడం కుటుంబం ఉన్నవారికి మేలని నా దృఢమైన అభిప్రాయం. బీఆర్‌ఎంలు కూడా సాధనే కదా. 300 పూర్తి చేసినవారు 400 కోసం మళ్లీ విడిగా 300 తొక్కనవసరం లేదు.

భీమిలి_రోడ్డు:
కృష్ణాతీరం గారితో నేను ఏకీభవిస్తున్నాను గాని, ఇద్దరు పిల్లల తల్లిగా ఒక మాట చేర్చాలి. ఇంట్లో మగవారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్లిపోతే టిఫిను, బడి క్యారేజీలు, పిల్లల స్నానాలు ఎవరో ఒకరు చూస్తారు. నేను వెళ్లాలంటే అవన్నీ ముందు రాత్రే నేను సిద్ధం చేయాలని అందరూ, మొదట్లో నేను కూడా, అనుకునేవాళ్లం. అలా చేస్తే నిద్ర ఐదు గంటలకు మించదు. నిద్ర చాలని శరీరానికి సాధన వల్ల బలం రాదు, నీరసమే వస్తుంది. ఇప్పుడు నా సాధన ఉన్న రోజుల్లో వంటిల్లు పూర్తిగా మావారిది. ఏం వండాలి అన్న ప్రశ్న కూడా నా దాకా రాకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం. ఆయన ఆదివారం సాయంత్రాలు షటిల్ ఆడడానికి వెళ్తారు, ఆ సమయం నేను ముట్టుకోను.

విశాఖలో నాకు కలిసివచ్చింది కొండలు. బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్లి రావడానికి పట్టే సమయంలో సగం కూడా లేని రోజున, సింహాచలం ఘాట్ రోడ్డును రెండు మూడుసార్లు ఎక్కి దిగితే కాళ్లకు కావలసిన పని దొరుకుతుంది. సమయం తక్కువ ఉన్నవారు మీ ఊళ్లో చిన్న ఎత్తు ఎక్కడుందో వెతుక్కోండి.

ఎదురుచూపు:
నేను సైకిల్ తొక్కను. నా భర్త తొక్కుతారు. ఇంట్లో ఉండేవారి వైపు నుంచి కూడా ఎవరైనా చెప్పాలనిపించి రాస్తున్నాను. ఆయన పన్నెండు గంటలు ఇంట్లో లేకపోవడం నాకు కష్టం కాదు. పదకొండింటికి వస్తానని చెప్పి రెండింటికి రావడమే కష్టం, ఎందుకంటే ఆ మూడు గంటలూ నేను ఏ పనీ పెట్టుకోలేను, పిల్లలకు ఏ మాటా ఇవ్వలేను, హైవే మీద లారీలు తప్ప నా మనసులోకి మరేదీ రాదు. మా ఇంట్లో ఇప్పుడు దూరం కాకుండా తిరిగి వచ్చే సమయమే ఖాయం. పదకొండు అంటే పదకొండు. ఎదురుగాలి ఎక్కువగా ఉంటే మధ్యలోనే వెనక్కి తిరుగుతారు. రాత్రి సవారీల్లో ఫోనులో లైవ్ లొకేషన్ పెడతారు. ప్రతి కంట్రోల్ దగ్గర కార్డుపై ముద్ర వేయించుకోగానే ఒక మెసేజ్ వస్తుంది. మ్యాపులో ఆయన ఉన్న చోటు చూపే చుక్క కదలకపోతే భయపడకుండా ఉండడానికి, ఎక్కడ ఎంతసేపు ఆగుతారో కూడా ముందే రాసి ఇస్తారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇంటికి వచ్చి సాయంత్రం దాకా నిద్రపోతే ఆ రోజంతా సైకిల్‌కే పోయినట్టు. వచ్చాక ఒక గంట పడుకోండి, ఆ తర్వాత ఇల్లు మీది. అది చేయలేనంతగా తొక్కితే ఆ వారం సాధన ఎక్కువైనట్టే.

కొల్లూరు_కాలిబాట:
మియాపూర్ గారూ, మీకు దగ్గరలోనే ఔటర్ రింగు రోడ్డు వెంట 2023లో తెరిచిన సౌరఫలకాల కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఉంది. తెరిచినప్పుడు నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపుల కలిపి 23 కిలోమీటర్లు. అక్కడ లారీల బెడద లేదు కనుక మీ బాబును కూడా తీసుకెళ్లవచ్చు. నేను తెల్లవారుజామున నా గంట ముగించుకొని, ఆ తర్వాత మా అమ్మాయితో నెమ్మదిగా మరో గంట తిరుగుతాను. ఆ రెండో గంటను నేను సాధనలో లెక్కవేయను, అది తనది.

మియాపూర్_సవారీ:
అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఎదురుచూపు గారి మాటలను నా భార్యకు చదివి వినిపించాను. తను వెంటనే అడిగింది తిరిగి వచ్చే సమయం గురించే. ఆదివారం పదింటికి ఇంట్లో ఉండేట్టు, నెలలో ఒక ఆదివారం మాత్రమే మధ్యాహ్నం దాకా వెళ్లేట్టు, మరొక ఆదివారం పూర్తిగా తన సొంతానికి ఉంచేట్టు నిర్ణయించుకున్నాం. బాబు పరీక్షలు అయ్యాక 400 తొక్కుతాను, 600 సంగతి వానలు తగ్గాక ఇద్దరం మళ్లీ చూసుకుంటాం. 400 ముగిసేది ఆదివారం ఉదయం కదా, ఆ తర్వాత ఇంటికి చేరడం మీరు ఎలా ఏర్పాటు చేసుకుంటారు?

కృష్ణాతీరం:
రాత్రంతా మేలుకొని తొక్కాక కారు స్టీరింగు పట్టుకోవద్దు, సవారీలో కంటే అక్కడే ప్రమాదం ఎక్కువ. సైకిల్ పట్టే క్యాబ్ ముందు రోజే మాట్లాడి పెట్టుకోండి, లేదా ముగింపు స్థలంలోనే రెండు గంటలు పడుకొని బయలుదేరండి. ఏది చేసినా ఆ సమయం కూడా కలిపి ఇంట్లో చెప్పండి.