జపాన్ ఇంటి పద్ధతులు, పండగల గురించి చదువుతూ జపనీస్ నేర్చుకోవడం: ఎలా చదివితే నిలుస్తుంది?

ప్రశ్న

హిరగాన, కతకాన (జపనీస్ అక్షరమాలలు రెండూ) పూర్తిగా వచ్చు. సుమారు 250 కాంజి (చైనా లిపి నుంచి వచ్చిన అక్షరాలు) గుర్తుపట్టగలను. ఎన్5 (జపనీస్ పరీక్షలో మొదటి మెట్టు) వ్యాకరణం అయిపోయింది. ఇకమీదట జపాన్ పండగలు, ఇంటి పద్ధతులు, వీధిలో కనిపించే నోటీసులు చదువుతూ భాష పెంచుకోవాలని ఉంది. అయితే ఒక్కో పేరాకి పదిహేను మాటలు నిఘంటువులో వెతకాల్సి వస్తోంది, మర్నాటికి ఒక్కటీ గుర్తుండట్లేదు. మాటలన్నీ తెలిసినా వాక్యం అంతుపట్టకపోవడం ఇంకో చిక్కు. సెత్సుబున్ (ఫిబ్రవరి మొదట్లో గింజలు చల్లే పండగ) గురించిన పాఠంలో "తొషి నొ కజు దకె మమె ఒ తబెరు" అని ఉంది. దకె అంటే "మాత్రమే" అని నేర్చుకున్నాం కదా, ఇక్కడ అది అతకట్లేదు. అదే పాఠంలో "ఒని వ సొతొ, ఫుకు వ ఉచి" అన్న వాక్యానికి క్రియే లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాలా, అసలు ముట్టుకోకుండా చదవాలా?

జవాబు 1

ఒక్క ఆచారాన్ని పట్టుకుని దాని మీదే నాలుగైదు చిన్న పాఠాలు చదవండి. ఈరోజు టీ, రేపు పెళ్లి, ఎల్లుండి స్నానం అని మార్చుకుంటూ పోతే ప్రతిసారీ కొత్త మాటలే ఎదురవుతాయి. షోగత్సు, అంటే కొత్త సంవత్సరం, తీసుకున్నారనుకోండి. ఓసోజి (ఏడాది చివర ఇల్లంతా దులపడం), తొషికొషి సొబ (ఏడాది చివరి రాత్రి తినే నూడుల్స్), ఒతొషిదమ (పిల్లలకిచ్చే కొత్త సంవత్సరం డబ్బు), హత్సుమోదె (ఏడాదిలో మొదటి గుడి దర్శనం) దాదాపు అన్ని పాఠాల్లోనూ వస్తాయి. మూడో పాఠానికి వచ్చేసరికి వెతకాల్సినవి సగానికి సగం తగ్గుతాయి.

మొదటిసారి నిఘంటువు ముట్టకుండా చివరిదాకా వెళ్లిపోండి. రెండోసారి, పాఠంలో రెండు మూడు చోట్ల కనిపించిన మాటలు, వాక్యం చివరి క్రియలు మాత్రం చూడండి. ఐదారుకు మించొద్దు. మూడోసారి ఫురిగాన (కాంజి పైన ఉచ్చారణ చూపే చిన్న అక్షరాలు) మీద కాగితం ముక్క పెట్టి పైకి చదవండి. పైన చిన్న అక్షరాలున్నంతసేపూ కన్ను కాంజి మీద ఆగదు, అందుకే అవి మనసుకి ఎక్కవు.

రాసుకునేటప్పుడు ఒంటి మాట రాయకండి. "మమె" అని కాదు, "మమె ఒ మకు" (గింజలు చల్లడం) అని క్రియతో కలిపి రాయండి. మర్చిపోవడానికి పెద్ద కారణం మాటని దాని పనినుంచి విడదీయడమే.

ఇంకొకటి, ఇది మనకున్న వరం. షోగత్సు అలంకరణల గురించి "28 నిచి మదె ని కజత్తె ఒకు" లాంటి వాక్యాలు వస్తాయి. కజత్తె ఒకు అంటే అచ్చంగా "అలంకరించి ఉంచడం". తబెతె మిరు అంటే "తిని చూడడం". తబెతె షిమౌ అంటే "తినేయడం". ఇంగ్లిష్ వివరణల చుట్టూ తిరిగి రానక్కర్లేదు, నేరుగా తెలుగులో వినండి. 28 ఎందుకంటారా? 29లోని "కు" కష్టం అనే మాటలా వినిపిస్తుంది. 31న కడితే అది ఇచియకజరి, ఒక్క రాత్రి అలంకరణ, దేవుడికి మర్యాద కాదంటారు. కారణం తెలిస్తే ఆ "ఒకు", ముందే చేసి ఉంచడం, ఇక మరవరు.

జవాబు 2

మీ రెండు వాక్యాల సంగతి. దకె ముందు పరిమాణం చెప్పే మాట వస్తే అర్థం "ఎంతో అంత". కాబట్టి అది "వయసెంతో అన్ని గింజలు తినడం". నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోతే ఇలాగే దారి తప్పుతాం.

"ఒని వ సొతొ, ఫుకు వ ఉచి" వేయించిన సోయా గింజలు చల్లుతూ అరిచే కేక. "దెయ్యాలు బయటికి, భాగ్యం లోపలికి" అంటే మనకీ క్రియ అక్కర్లేదు కదా. ఇక్కడ "వ" అనే ప్రత్యయం రెంటినీ ఎదురెదురుగా నిలబెడుతోంది. వ కనిపిస్తే చాలు కర్త అనుకునే అలవాటు ఇలాంటి చోటే వదిలించుకోవాలి. ఉచి అంటే లోపల మాత్రమే కాదు, మా ఇల్లు, మావాళ్లు కూడా. బయటివాళ్లతో మన అమ్మని హహ అనీ, ఎదుటివారి అమ్మని ఒకాసన్ అనీ అనడం ఈ లోపలా బయటా తేడావల్లే.

గెంకన్ (వాకిలి లోపలి చోటు) గురించి కూడా ఒక పాఠం చదవండి. అతిథిని "ఒ అగరి కుదసయ్" అంటారు, అంటే "పైకి రండి". మేడ మీదికి కాదు. చెప్పులు విడిచే చోటు కన్నా ఇంటి నేల ఒక మెట్టు ఎత్తులో ఉంటుంది. ఆ మెట్టుని ఊహించుకోకపోతే హైరు (ప్రవేశించడం) ఉండగా అగరు ఎందుకు వాడారో అర్థం కాదు. ఆ తర్వాత వచ్చేది "కుత్సు ఒ సొరొఎరు", విడిచిన జోళ్లని కొసలు తలుపువైపు ఉండేలా జతగా సర్దడం.

జవాబు 3

నోటీసులు చదవాలంటే చెత్త నోటీసుతో మొదలుపెట్టండి. చిన్నది, తప్పు చదివితే వెంటనే తెలిసిపోతుంది. "అస 8 జి మదె ని దషితె కుదసయ్" అంటే ఉదయం ఎనిమిదిలోగా బయట పెట్టండి అని. మదె అంటే "వరకు", మదె ని అంటే "లోగా". ఈ ని జారవిడిచేవాళ్లు చాలామంది.

"దయ్ 2, దయ్ 4 సుయ్‌యోబి" అంటే నెలలో రెండో, నాలుగో బుధవారం. వారం విడిచి వారం అనుకుంటే ఐదు బుధవారాలొచ్చిన నెలలో లెక్క తప్పుతుంది. కాలే చెత్తని ఒక ఊళ్లో మొఎరు గొమి అంటారు, ఇంకో ఊళ్లో మొయసెరు గొమి, మరోచోట కనెన్ గొమి. మూడూ కలిపి నేర్చుకోండి. సొదయ్ గొమి అంటే పెద్ద సామాను. టోక్యో 23 వార్డుల్లో ఒక పక్క సుమారు 30 సెంటీమీటర్లు దాటితే అందులోకే వస్తుంది, ముందుగా చెప్పి డబ్బు కట్టాలి.

ఊరి కార్యాలయాల పేజీల్లో "యసషీ నిహొంగొ" అని ఉంటే అది తేలిక జపనీస్. 1995 హన్‌షిన్ (కోబె ప్రాంతం) భూకంపంలో సమాచారం అందక విదేశీయులు పడ్డ ఇబ్బంది నుంచి పుట్టింది. చిన్న వాక్యాలు, ఫురిగానతో ఉంటుంది. ముందు అది చదివి, అదే నోటీసు మామూలు రూపం పక్కన పెట్టుకుని పోల్చండి.

ప్రశ్న అడిగినవారు

నిఘంటువులో "దషితె" దొరకట్లేదు. వేరే పేజీల్లో దెసు, మసు (వాక్యం చివరి మర్యాద రూపాలు) కూడా కనిపించట్లేదు, తప్పు పేజీలు చదువుతున్నానా?

జవాబు 3

దషితె మూలరూపం దసు, దానికింద వెతకండి. వాక్యం చివర ద గానీ దెఅరు గానీ ఉంటే అది రాత భాష, తప్పు పేజీ కాదు. అర్థం దెసు లాంటిదే. చదివి అర్థం చేసుకోండి, కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం దెసు, మసు వదలకండి.