ప్రోస్టేట్ 60 గ్రాములు: మందులా, ఆపరేషనా?

ఎంవీపీ కుర్రాడు: నాన్నకి 71. స్కానింగ్‌లో ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) 60 గ్రాములట, ఉండాల్సింది 20-25. రాత్రంతా మూత్రానికి లేవడమే. బీచ్‌రోడ్డు వాకింగ్‌కెళ్తే కాళీమాత గుడి దగ్గర్నుంచే వెనక్కొచ్చేస్తున్నారు. డాక్టర్ టీయూఆర్‌పీ (మూత్రనాళం గుండా వెళ్ళి ప్రోస్టేట్‌ని లోపల్నుంచి కోసే ఆపరేషన్) అన్నారు. నాన్నేమో మూత్రం సాఫీగా రావడానికిచ్చే టామ్సులోసిన్ మాత్రతోనే లాగిద్దామంటారు.

ఉక్కునగరం ఫిట్టర్: గ్రాములు చూసి కోయించీసుకుంటారేటండీ? నాది 75, బానే ఉన్నాను. మా తోడల్లుడిది 35. జలుబు మాత్ర వేసుకున్న రాత్రి ఒంటేలు బిగిసిపోయి పైపు వేయించుకున్నాడు.

రోజూ వాకర్: అయితే అది జలుబు మాత్ర పని. సైజుతో సంబంధం లేదనడానికి ఆ ఉదాహరణ చెల్లదు.

ఫిట్టర్: 75 ఉన్నోడికి అదే మాత్రతో ఏటీ కాలేదు కదా! నేనూ వేసుకున్నాను.

సింహాద్రి: సా పామెట్టో అనే మూలికా గుళికలు వాడండి.

వాకర్: పెద్ద ట్రయల్స్‌లో అవి ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ చెయ్యలేదు. బాబూ, మూత్రం పోసుకున్నాక లోపల ఎంత మిగులుతోందో చూడు, స్కానింగ్‌లోనే రాస్తారు. మిగిలితే ఇన్‌ఫెక్షన్లు, రాళ్ళు, ముదిరితే కిడ్నీలు. మా నాన్నగారూ లాగిద్దామనే అన్నారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగాక గానీ కదల్లేదు.

లాసన్స్‌బే: విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి యూరాలజీలో ఇంకోసారి చూపించండి.

ఫిట్టర్: మీ నాన్నగారి కథ ప్రతి ముసలోడికీ అంటించకండి.

వాకర్: కత్తంటే భయమని చెప్పొచ్చుగా.

ఫిట్టర్: భయమే. కత్తంటే కాదు. ఆ ఆపరేషనయ్యాక చాలామందికి వీర్యం బయటికి రాదు, వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. నేను నెట్‌లో చదువుకున్నాను. డాక్టర్ని అడుగుదామంటే పక్కన కొడుకూ కోడలూ. ఆయనా వాళ్ళతోనే మాటాడేడు. చివర్లో నా వైపు తిరిగి, ‘ఈ వయసులో ఇంకేం కావాలి తాతగారూ’ అన్నాడు. నాకు 66. నా భార్య బతికే ఉంది.

వాకర్: టామ్సులోసిన్‌తో కూడా కొందరికి అలా అవుతుందండీ.

ఫిట్టర్: మాత్ర మానేస్తే సర్దుకుంటుంది. కోసింది మళ్ళీ వస్తుందేటి?

వాకర్: అది వేరు, కిడ్నీ వేరు. సిగ్గుపడి ఊరుకుంటే పోయేది కిడ్నీ.

ఫిట్టర్: సిగ్గు ఎవరు పెట్టారు? అబ్బాయ్, ఈసారి నువ్వు బయట కూర్చో.

ఎంవీపీ కుర్రాడు: నాన్నకి చెవి సరిగ్గా వినబడదండీ. నేను లేకపోతే డాక్టర్ చెప్పింది సగం వదిలేస్తారు.

ఫిట్టర్: రాయించుకుంటారు. ముందు ఆయన్ని అడగనీ.

వాకర్: క్రియాటినిన్ రిపోర్టు మాత్రం నువ్వే చూడు బాబూ.