చైనా వైద్యం చదవడానికి వచ్చాను: ఆంగ్లంలో చదవాలా, చైనా భాషలోనా?

కిరణ్: ఐదేళ్ల సంప్రదాయ చైనా వైద్యం కోర్సు కోసం ఈమధ్యే చైనాలోని నాన్‌జింగ్ నగరానికి చేరాను. 24 గంటల్లో చేయించాల్సిన పోలీసు నమోదు హాస్టలు వాళ్లే చూసుకున్నారు. నాది ఎక్స్1 వీసా (దీర్ఘకాల విద్యార్థి వీసా) కాబట్టి 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. సీటు ఆంగ్ల తరగతిలో వచ్చింది. ఒక ఏడాది భాష చదివి చైనా భాష తరగతికి మారమని సీనియర్లు అంటున్నారు. ఏడాది పోగొట్టుకోవడం సబబేనా?

మాధవి: తప్పకుండా మారండి. నేను ఇక్కడే చదువుతున్నాను. ఈ విద్యలో సగం ఔట్‌పేషెంట్ గదిలోనే వస్తుంది. గురువుగారు రోగి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నాడి చూస్తారు, నాలుక చూస్తారు, నిద్ర ఎలా ఉందని అడుగుతారు. రోగి చాలాసేపు చెప్పుకుంటాడు. పక్కనున్న దుబాసీ మనకు అందించేది ‘నిద్ర పట్టడం లేదట’ అన్న ఒక్క ముక్క! కషాయాల్లో వేసే మూలికలను ఇక్కడి విద్యార్థులు పద్యాలుగా కంఠస్థం చేస్తారు. ఆంగ్ల తరగతిలో వాళ్లకు అవే పట్టికలుగా అందుతాయి, పరీక్ష కాగానే మరిచిపోతారు.

శేషగిరి: భాష సంగతి తర్వాత. తిరిగి ఇండియా వెళ్లాక ఈ అబ్బాయి పేరు ఏ వైద్యుల రిజిస్టరులో ఎక్కుతుంది? భారతీయ వైద్య పద్ధతుల మీద 2020లో వచ్చిన చట్టంలో ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ వైద్యం) ఉన్నాయి. చైనా వైద్యం లేదు. ఈ వైద్యంలో భాగమైన ఆక్యుపంక్చర్‌ను, అంటే ఒంటి మీద నిర్ణీత స్థానాల్లో సూదులు గుచ్చే చికిత్సను, కేంద్రం 2019లో ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది, నిజమే. అంతమాత్రాన ఈ పట్టాకు ఎంబీబీఎస్ హోదా రాదు. మా చెల్లెలు ఇదే చదువు మరో ఊళ్లో చదివి వచ్చింది. బ్యాంకు వాయిదాలు ఈనాటికీ నేనే కడుతున్నాను.

మాధవి: శేషగిరి గారూ, ఆయన అడిగింది భాష గురించి.

శేషగిరి: నేను అడిగింది రిజిస్టరు గురించి. దానికి ఎవరూ జవాబివ్వరు.

రఘురామ్: అసలు ఇది పనిచేస్తుందా అని ఎవరూ అడగరే? జర్మనీలో 1162 మంది దీర్ఘకాలిక నడుమునొప్పి రోగులపై పరీక్ష చేసి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలల తర్వాత చూస్తే, సరైన స్థానాల్లో సూదులు వేయించుకున్నవారిలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. స్థానాలు కాని చోట పైపైన సూదులు గుచ్చించుకున్నవారిలో 44.2 శాతం మందికి. ఎక్కడ గుచ్చినా దాదాపు ఒకటే అయినప్పుడు స్థానాలు నేర్చుకోవడానికి ఐదేళ్లెందుకు?

మాధవి: మూడో అంకె వదిలేశారు. మందులు, వ్యాయామంతో మామూలు చికిత్స పొందినవారిలో అది 27.4 శాతమే. స్థానాలు నేర్చుకునేది ప్రాణాపాయం రాకుండా ఉండటానికి కూడా. భుజం పైన ఒక స్థానం ఉంది, అక్కడ సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. మూలికలు అంతకన్నా ప్రమాదం. బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల్లో ఒక వేరు బదులు అరిస్టొలోకిక్ ఆమ్లం ఉన్న మరో వేరు కలిసిపోయి, ఎందరో ఆడవాళ్ల మూత్రపిండాలు చెడిపోయాయి. 1993లో ఆ సంగతి బయటికొచ్చింది. మూలిక పేరు మూలభాషలో చదవలేనివాళ్లు ఇలాంటి చోటే దెబ్బతింటారు.

వరలక్ష్మి: ఆ మందులు రాసింది లైసెన్సున్న వైద్యులే. అక్కడ చైనా భాష రాకపోవడమే కారణమని మీరెలా అంటారు? శేషగిరి గారు చెప్పే రిజిస్టరూ వాళ్లను ఆపలేదు.

రఘురామ్: నా ప్రశ్న అలాగే ఉండిపోయింది.

మాధవి: శేషగిరి గారూ, ఇంట్లో డబ్బు పెట్టారన్న కోపంతో చదువునే తిట్టడం న్యాయం కాదు. మీ చెల్లెలు ఏం నేర్చుకున్నారో మీరెప్పుడైనా అడిగారా?

శేషగిరి: డబ్బు మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. ఒక పెద్దావిడ నడుమునొప్పితో మా చెల్లెలి దగ్గరికి వచ్చేది. చెల్లెలు వారాల తరబడి సూదులు వేసింది. ఆవిడకు వెన్నుపూస విరిగి ఉంది. ఎక్స్‌రే తీయించమని ఒక్కసారీ చెప్పలేదు. ఆవిడ కొడుకులు మా గుమ్మంలోకి వచ్చి అడిగితే మా నాన్న తలెత్తలేకపోయారు. చెల్లెలికి చైనా భాష బాగానే వచ్చు మాధవి గారూ. ఆమె చదివింది ఆ భాషలోనే.

మాధవి: ఆవిడకు జరిగింది ఘోరం. మాకు శరీర నిర్మాణం, ఆధునిక రోగనిర్ధారణ, ఎక్స్‌రే చూడటం అన్నీ పాఠాల్లో ఉన్నాయి. ఒక ఏడాది ఆసుపత్రిలో పని కూడా చేయాలి. అనుమానం వస్తే పంపించాల్సిందే, అది ఆమె చేయలేదు. కానీ ఆమె చేయలేదని, నేర్చుకున్న నేను చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? నేను కూర్చోను. నా బోర్డు నేనే పెట్టుకుంటాను.

శేషగిరి: మనకు తేడా వచ్చింది ఇక్కడే. చదవడానికి నాకు అభ్యంతరం లేదు, పదేళ్లు చదవండి. వికటిస్తే రోగి ఎవరి దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేయాలో తేలకుండా బోర్డు పెట్టడానికి నేను ఒప్పుకోను.

మాధవి: రోగి నా దగ్గరికే వస్తాడు, నేను జవాబు చెబుతాను.

శేషగిరి: మా చెల్లెలూ ఆ మాటే అనేది.

కిరణ్: నివాస అనుమతి పనిమీద ఈ వారం కాలేజీ కార్యాలయానికి వెళ్తున్నాను. ఆంగ్ల తరగతివాళ్లను ఆసుపత్రి శిక్షణలో రోగి దగ్గర కూర్చోనిస్తారా, దూరం నుంచి చూడనిస్తారా అని అడుగుతాను. ఇంకేం అడగాలి?

శేషగిరి: రోగిని ఎప్పుడు వేరే వైద్యుడి దగ్గరికి పంపాలో నేర్పే పాఠం ఏ ఏడాదిలో ఉందో, దానికి పరీక్ష ఉందో లేదో అడగండి.

మాధవి: అడగండి. ఆ పాఠం మాకు ఉంది. ఆంగ్ల తరగతిలో కూడా ఉందో లేదో నాకూ చెప్పండి.