అప్‌డేట్: జపనీస్‌లో ‘దరె’ అనాలా, ‘దొనత’ అనాలా?

జపాన్ క్లయింట్లు ఫోన్ చేసినప్పుడు ‘దరె దెసుకా’ (ఎవరండీ) అని అడిగితే సరిపోతుందా అని గత నెలలో ఇక్కడే అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

చివర ‘దెసుకా’ (మర్యాదగా ప్రశ్నించే ముగింపు) చేర్చినంత మాత్రాన ప్రశ్నపదానికి మర్యాద రాదని మీలో ఒకరు చెప్పిన మాటే నిజమని మా జపనీస్ టీచర్ ధ్రువీకరించారు. ‘దరె దెసుకా’ వ్యాకరణ దోషం కాదు గాని, ఎదుటివారినే అడిగితే నిలదీసినట్లు వినిపిస్తుందని, ముఖాముఖిగా ‘దొనత’ (‘దరె’కు మర్యాద రూపం), ఫోన్‌లో ‘దొచిర సమ దెసుకా’ అనడం మేలని ఆవిడ వివరించారు. (మన ‘ఎవడు’, ‘ఎవరు’ మధ్య ఉన్నంత దూరం మాత్రం వీటి మధ్య లేదు.) అలాగే ‘ఎలా’ అనే ‘దో’ మర్యాదగా ‘ఇకగ’ అవుతుంది, ‘ఎక్కడ’ అనే ‘దొకొ’ ‘దొచిర’ అవుతుంది.

నన్ను తికమక పెట్టింది ఈ ‘దొచిర’యే. ‘కోహీ తొ కోచ తొ, దొచిర గ ఈ దెసుకా’ అంటే కాఫీ, టీలలో ఏది కావాలని అడగడం. అక్కడ అది ‘ఎక్కడ’ కాదు, ‘రెండింటిలో ఏది’. సందర్భాన్ని బట్టి గ్రహించడమే మార్గం.

ముందుగా గౌరవ క్రియారూపాలన్నీ నేర్చుకోవాలని అప్పుడు ఇక్కడ వచ్చిన సలహా మంచిదే గాని, ఈ సమస్యకు దాని అవసరం పడలేదు.