అప్‌డేట్: ఉబుంటు ల్యాప్‌టాప్‌లో వైఫై తెగిపోయే సమస్య తీరింది

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న నా ల్యాప్‌టాప్‌ను కాసేపు వాడకుండా ఉంచితే వైఫై నెమ్మదించి చివరకు తెగిపోతోందని, అదే రౌటర్‌పై ఫోన్ మాత్రం చక్కగా పనిచేస్తోందని ఇంతకు ముందు అడిగాను. మీరు సూచించినట్లు కెర్నల్ లాగ్ (సిస్టమ్ కేంద్ర భాగం నమోదు చేసే సందేశాల చిట్టా) పరిశీలిస్తే డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) లోపాలేవీ కనబడలేదు. కేబుల్ పెట్టినప్పుడు కనెక్షన్ నిలకడగానే ఉండటంతో అనుమానం వైఫై కార్డు విద్యుత్ పొదుపు మీదికి మళ్లింది. నెట్ కనెక్షన్లను నిర్వహించే నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాం కాన్ఫిగరేషన్ (అమరికల) ఫైళ్లలో వైఫై పవర్‌సేవ్ విలువ 3గా, అంటే పొదుపు అమలులో ఉన్నట్లుగా ఉంది. దానిని 2గా, అంటే పొదుపు ఆపివేసినట్లుగా మార్చి, నెట్‌వర్క్‌మేనేజర్‌ను మళ్లీ ప్రారంభించిన తరువాత కనెక్షన్ ఒక్కసారి కూడా తెగలేదు. 0 పెడితే పొదుపు ఆగిపోతుందని అనిపించడం సహజమే గాని, ఆ విలువకు అర్థం డీఫాల్ట్ అమరికను వాడమని మాత్రమే. బ్యాటరీ కొంత త్వరగా తగ్గవచ్చు, అయినా నిలకడైన కనెక్షనే నాకు ముఖ్యం. సలహా ఇచ్చిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.