పండుగప్ప పడుతోంది, లీడర్ తెగిపోతోంది

అన్నలూ, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట ఏడాదిగా గాలం వేస్తున్నాను. ఎనిమిది అడుగుల రాడ్, 4000 సైజు రీల్, 20 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర రెండడుగుల 30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (కొక్కేనికీ బ్రెయిడ్‌కీ మధ్య కట్టే గట్టి లైన్ ముక్క). పోటు తిరిగి నీళ్లు సముద్రంలోకి లాగేటప్పుడు బతికున్న రొయ్యను వదిలితే పండుగప్ప బాగానే అందుకుంటోంది. ఒడ్డుకు తేవడమే నా వల్ల కావట్లేదు.

నిన్న సాయంత్రం ఒకటి పడింది. నీళ్లలోంచి ఎగిరి తల విదిలించింది, అంతే, లైన్ వదులైపోయింది. లాగి చూస్తే లీడర్ చివరి జానెడు ఇసుక కాగితంతో రుద్దినట్టు గరుకుగా ఉంది. ముడి దగ్గర కాదు, కొక్కేనికి కాస్త పైన తెగింది. వారంలో ఇది మూడోది! చేప మొప్పల రేకు అంచు కోసేస్తోందని నా అనుమానం.

50 పౌండ్ల లీడర్‌కి మారితే సరిపోతుందా, లేక లావు లైన్ చూసి చేప రొయ్య జోలికే రాదా? ఇక్కడి నీళ్లు ఎలాగూ మురికే. సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం) వాడితే గాలం మూతి మూలన గుచ్చుకుంటుందంటారు. రొయ్యతో వాడినవాళ్లుంటే చెప్పండి, కొక్కేన్ని తలకు గుచ్చాలా, తోకకా? స్టీల్ వైర్ మాత్రం వద్దు, ఒకసారి కట్టి చూశాను, రొయ్య కదల్లేకపోయింది.